రోడియో క్వీన్ పోటీ: మా అమ్మాయికి స్వారీ వచ్చు, "యాటిట్యూడ్ మార్చుకో" అంటున్నారు

కేటీ_అమ్మ (హ్యూస్టన్ దగ్గర కేటీ అనే ఊరు) రాశారు:

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎక్కువగా వంటలు, వీసాలు, కాలేజీ సీట్ల గురించే మాట్లాడుకుంటాం కాబట్టి ఈ ప్రశ్న అడగొచ్చో లేదో అని రెండు రోజులు ఆలోచించాను. వేరే ఎవరిని అడగాలో తెలియక రాస్తున్నాను.

మా అమ్మాయికి పదిహేడేళ్లు. పుట్టి పెరిగింది ఇక్కడే. దానికి ఏడేళ్లప్పుడు హ్యూస్టన్ రోడియోకి (ఎద్దుల మీద, గుర్రాల మీద స్వారీ, తాడు వేసే పోటీలు జరిగే పండగ) తీసుకెళ్లాం. అందరూ ఎద్దుల కోసం ఎదురుచూస్తుంటే ఇది మాత్రం జెండా పట్టుకుని గుర్రం మీద దూసుకొచ్చిన అమ్మాయినే చూసింది. "అమ్మా, టోపీ మీద కిరీటం ఎలా నిలబడుతుంది?" అని ఇంటికొచ్చేదాకా అడుగుతూనే ఉంది. పదకొండో ఏట స్వారీలో చేర్పించాం. సొంత గుర్రం లేదు. శిక్షణ ఇచ్చే చోట ఉన్న ముసలి గుర్రం మీదే నేర్చుకుంది.

నిరుడు ఇక్కడికి దగ్గర్లో ఒక కౌంటీ ఫెయిర్‌లో రోడియో క్వీన్ పోటీకి మొదటిసారి వెళ్లింది. స్వారీ బాగానే చేసింది. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకు జవాబు తెలియలేదు. అక్కడ ఆగిపోయింది. తర్వాత అడిగినవన్నీ దానికి వచ్చినవే, ఒక్కటీ నోట్లోంచి రాలేదు. కారెక్కి సీటు బెల్టు పెట్టుకున్న క్షణం నుంచి ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే ఉంది.

కోచ్ చెప్పింది ఒక్కటే మాట: "స్వారీలో లోపం లేదు, పాజిటివ్ యాటిట్యూడ్ కావాలి." అంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. ఇదేమో రోజూ అద్దం ముందు నిలబడి నవ్వు ప్రాక్టీస్ చేస్తోంది. ఆ నవ్వు చూస్తుంటే నాకు దిగులేస్తోంది. పదకొండు వారాల్లో మళ్లీ పోటీ. ఈ విషయం తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.


కోదాడ_కుర్రాడు రాశారు:

అక్కా, తెలియక అడుగుతున్నాను. ఇది అందాల పోటీయేనా? అయితే మధ్యలో గుర్రం ఎందుకు?


పశువుల_డాక్టర్ (కొలరాడో) రాశారు:

కోదాడ తమ్ముడూ, మంచి ప్రశ్న అడిగావు. నేను తిరుపతిలో వెటర్నరీ చదివి ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. మా చుట్టుపక్కల జరిగే రోడియోల్లో పశువులను చూసుకునే డ్యూటీ చేస్తుంటాను. అందుకని ఈ క్వీన్‌లను బరి వెనక నుంచి, పేడ, దుమ్ము మధ్య చూస్తుంటాను.

ముందు నుంచి చూస్తే మెరిసే చొక్కా, టోపీ, కిరీటం. పని మాత్రం చాలా ఉంటుంది. ఆట మొదలయ్యేటప్పుడు గ్రాండ్ ఎంట్రీ అని ఉంటుంది, అందులో జెండా ఒక చేత్తో, పగ్గం ఒక చేత్తో పట్టుకుని బరి చుట్టూ గుర్రాన్ని పరుగెత్తించాలి. తాడు వేసే పోటీలు అయ్యాక బరిలో మిగిలిపోయిన దూడలను గేటు దాకా తోలాలి. మిగతా రోజుల్లో బడులకు, పరేడ్‌లకు, రేడియోకి వెళ్లి రోడియో గురించి చెప్పాలి. ఎద్దు మీద ఎనిమిది సెకన్లు ఎందుకు నిలవాలి, వంద మార్కుల్లో సగం రౌతుకూ సగం ఎద్దుకూ ఎందుకు వేస్తారు, పీపాల చుట్టూ గుర్రాన్ని తిప్పే బ్యారెల్ రేసులో పీపా పడితే అయిదు సెకన్లు ఎందుకు కలుపుతారు, ఇవన్నీ అడిగినవాళ్లందరికీ ఓపిగ్గా చెప్పాలి. పశువులను హింసిస్తున్నారు కదా అని అడిగేవాళ్లూ ఉంటారు. వాళ్లకూ కోపం తెచ్చుకోకుండా చెప్పాలి.

ఇది కొత్త సంగతీ కాదు. ఆరెగన్ రాష్ట్రంలో పెండిల్టన్ రౌండప్ అనే రోడియో 1910లో మొదలైంది, ఆ ఏడాది నుంచే అక్కడ క్వీన్ ఉంది. తొలి రోజుల్లో అక్కడ టికెట్లు కొన్నవాళ్ల ఓట్లతో ఎంచుకునేవారట. ఇప్పుడు అదే పెండిల్టన్‌లో క్వీన్, ఆమెతోపాటు ఉండే ప్రిన్సెస్‌లు గుర్రాలను పరుగెత్తించి, కంచె దూకించి గడ్డి మైదానంలోకి వస్తారు. చూస్తే గుండె ఆగుతుంది.

అన్నిటికన్నా పెద్దది మిస్ రోడియో అమెరికా. రాష్ట్రాల్లో గెలిచిన అమ్మాయిలు డిసెంబరులో లాస్ వేగాస్‌లో నేషనల్ ఫైనల్స్ రోడియో జరిగే రోజుల్లోనే పోటీ పడతారు. మార్కులు మూడు వైపుల నుంచి వస్తాయి: స్వారీ, వ్యక్తిత్వం, కనిపించే తీరు. వాటి కింద ప్రసంగం, ఇంటర్వ్యూ, రాత పరీక్ష, అప్పటికప్పుడు అడిగే ప్రశ్నలు ఉంటాయి. గుర్రానికి కడుపునొప్పి వస్తే లక్షణాలేమిటి, కాగిన్స్ అనే రక్త పరీక్ష ఏ జబ్బు కోసం చేస్తారు లాంటివి నాకు కాలేజీలో వైవాలో అడిగిన ప్రశ్నలే.

ఇక కేటీ అమ్మగారూ, మీ అసలు ప్రశ్నకు వస్తాను. లాస్ వేగాస్‌లో వాళ్లు తమ గుర్రాల మీద స్వారీ చెయ్యరు. చీటీలో ఏ గుర్రం వస్తే అది. అంతకుముందు ఎన్నడూ ఎక్కని గుర్రం. యాటిట్యూడ్ అనే మాటకు అర్థం అక్కడ తెలుస్తుంది.

గుర్రం పులికీ తోడేలుకూ ఆహారమయ్యే జాతి. ఎప్పుడూ చెవులు రిక్కించే ఉంటుంది. దాని మీద కూర్చున్న మనిషికి టెన్షన్ వచ్చిందనుకోండి. ముందు ఊపిరి బిగబడుతుంది. తర్వాత మోకాళ్లు బిగుస్తాయి. తర్వాత చేతులు పగ్గాన్ని గుంజుతాయి. ఇవన్నీ మనకు తెలియకుండానే జరిగిపోతాయి, గుర్రానికి మాత్రం ఒకదాని తర్వాత ఒకటి తెలుస్తూనే ఉంటాయి. "పైన ఉన్నవాళ్లకు పులి కనపడింది కాబోలు" అని అది తల పైకెత్తి, వీపు గట్టిగా చేసుకుని, పరుగు అందుకుంటుంది. అప్పుడు మొహం మీద ఎంత నవ్వున్నా లాభం లేదు. గుర్రం మొహం చూడదమ్మా, నడుము చూస్తుంది.

అందుకే అద్దం ముందు నవ్వు ఆపించండి.


గుర్రపుడెక్క (ఓక్లహోమా) రాశారు:

నేను పదేళ్లుగా బ్యారెల్ రేసింగ్ చేస్తున్నాను. నా మాట కొంచెం కటువుగా ఉండొచ్చు, ముందే క్షమించండి.

"పాజిటివ్ యాటిట్యూడ్" అనే మాట నాకు నచ్చదు. ఓడిపోయిన పిల్లతో అందరూ అనే మాట అది. ఈ పోటీల్లో మంచి గుర్రం కావాలి, ట్రైలర్ కావాలి, దాన్ని లాగే బండి కావాలి, డీజిల్ కావాలి. ఒక్కో పోటీకి నాలుగైదు జతల బట్టలు, వాటికి కలిసే టోపీలు, బూట్లు, బెల్టులు. ఇంట్లో మూడు తరాలుగా పశువులున్న పిల్లకు ఆ ధైర్యం పుట్టుకతో వస్తుంది. నెలకు నాలుగు క్లాసులకు డబ్బు కట్టి నేర్చుకున్న పిల్లను తీసుకొచ్చి ఆమె పక్కన నిలబెట్టి "నీకు యాటిట్యూడ్ లేదు" అంటే అది న్యాయం కాదు.

ఇంకోటి. నేను పదహారేళ్లప్పుడు ఒకచోట పోటీకి వెళ్తే, నిర్వహించేవాళ్లలో ఒకావిడ నా పేరు పలకడం రాక, "నీకు ఇంకేదైనా పేరుందా, తేలిగ్గా ఉండేది?" అని మైకులోనే అడిగింది. నేను నవ్వాను. అందరూ "ఎంత పాజిటివో" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నవ్వకుండా పేరు సరిగ్గా చెప్పాల్సింది అని ఇప్పటికీ అనుకుంటాను.

మీ అమ్మాయికి అన్నీ నవ్వుతూ భరించడం నేర్పకండి. దయచేసి.


డాలస్_అత్తయ్య రాశారు:

గుర్రపుడెక్క అమ్మాయీ, నీ మాట కటువుగా లేదు. పేరు సంగతి చదివితే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మా పెద్దమ్మాయి రెండేళ్లు ఈ పోటీల్లో తిరిగింది కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ఖర్చు నిజమే. కానీ అందరూ కొత్తవి కొనరు. పాత క్వీన్‌లు తమ చొక్కాలు, చాప్స్ (ప్యాంటు మీద వేసుకునే తోలు తొడుగులు) అమ్మేస్తారు, అద్దెకిస్తారు, ఊరికే ఇచ్చేవాళ్లూ ఉన్నారు. మా అమ్మాయి వేసుకున్న నీలం తోలు జాకెట్ అప్పటికి ముగ్గురు వేసుకున్నది. చేతుల దగ్గర నేనే కుట్టు విప్పి పొడవు చేశాను. జీను అరువు.

అసలు చెప్పదలుచుకున్నది వేరే. రెండో ఏడాది పోటీలో స్వారీ మధ్యలో దాని టోపీ ఎగిరిపోయింది. ఈ పోటీల్లో టోపీ పడిపోవడం చిన్న విషయం కాదు. చాలాచోట్ల మార్కులు తగ్గిస్తారు. అందుకే పిన్నులు, విగ్గులకు వాడే అంటుడు టేపు, నానా తంటాలు పడి బిగిస్తారు. ఆ రోజు గాలి విపరీతంగా ఉంది. టోపీతోపాటు పిన్నులు జుట్టును లాక్కుపోయాయి. నేను గ్యాలరీలో కూర్చుని కళ్లు మూసుకున్నాను.

మళ్లీ తెరిచేసరికి అది రెండో సర్కిల్‌లో ఉంది. అదే వేగం, అదే చెయ్యి. ఆగలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. చివర్లో గుర్రాన్ని ఆపి, దాని మెడ తట్టి, జడ్జీలకు తల వంచి దండం పెట్టింది, టోపీ లేకుండానే. గేటు బయటికి వచ్చాక నా దగ్గరికి రాలేదు. ముందు గుర్రం కాళ్లు చూసింది, టోపీకి బెదిరి ఏమైనా తగిలించుకుందేమోనని.

మార్కులు పోయాయి, కిరీటం రాలేదు. కానీ జడ్జీలలో ఒకావిడ తర్వాత వచ్చి, నువ్వు కాళ్లు చూడటం నేను చూశాను అని చెప్పి వెళ్లింది. నవ్వు సంగతి ఎవరూ ఎత్తలేదు. మా ఇంట్లో అప్పటి నుంచి యాటిట్యూడ్ అంటే అదే: టోపీ పడ్డాక రెండో సర్కిల్.


కేటీ_అమ్మ రాశారు:

అత్తయ్యగారూ, మీరు రాసింది మా అమ్మాయికి చదివి వినిపించాను. దానికి తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నేనైతే టోపీ కోసం ఆగేదాన్ని" అంది.

డాక్టర్‌గారు చెప్పాక అద్దం ముందు నవ్వు మానేసింది. గుర్రపుడెక్క గారి పేరు సంగతి విని మాత్రం కోపం తెచ్చుకుంది. దాని పేరూ ఇక్కడివాళ్లకు నోరు తిరగదు.

అది అడిగిన ప్రశ్న యథాతథంగా రాస్తున్నాను: "ఇంటర్వ్యూలో జవాబు తెలియకపోతే తెలియదని చెప్పొచ్చా? చెప్తే మార్కులు పోవా?"


మాటల_మాస్టారు (విజయవాడ) రాశారు:

అమ్మా, నాకు గుర్రాల గురించి ఏమీ తెలియదు. ముప్పై ఏళ్లుగా పిల్లలను ఇంటర్వ్యూలకు తయారుచేస్తున్నాను. మీ అమ్మాయి ప్రశ్న నా గదిలో వారానికి ఒకసారైనా వినపడుతుంది.

తెలియదని చెప్పొచ్చు. ఆ ఒక్క ప్రశ్నకు మార్కులు పోతాయి. నిరుడు మీ అమ్మాయికి పోయింది ఆ ఒక్కటి కాదు, తర్వాతి ప్రశ్నలన్నీ. తెలియని ప్రశ్న తలలోంచి దిగలేదు. కొత్త ప్రశ్న వచ్చి నిలబడితే దానికి చోటు లేదు.

మీ అమ్మాయిని అష్టావధానానికి ఎప్పుడైనా తీసుకెళ్లారా? వీడియోలో అయినా చూపించండి. ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. ఒకాయన సమస్య ఇస్తాడు, ఒకాయన దత్తపది ఇస్తాడు, ఇంకొకాయన ప్రతి అక్షరానికీ నిషేధం పెడతాడు. వీళ్లలోనే అప్రస్తుత ప్రసంగి అని ఒకాయన ఉంటాడు. అవధాని పద్యం సగంలో ఉండగా, "అవధానిగారూ, పొద్దున ఇడ్లీలో చట్నీ బాగుందా?" అంటాడు. పద్యం చెడగొట్టడమే ఆయన పని. అవధాని విసుక్కోడు. విసుక్కుంటే పద్యం పోతుంది. ఆయనకు తగిన జవాబు నవ్వుతూ చెప్పి, సభను నవ్వించి, ఎక్కడ ఆపాడో ఆ పాదంలో ఆ అక్షరం దగ్గరికే తిరిగి వస్తాడు. ఆ తిరిగి రావడం ఉంది చూశారా, ఏళ్ల తరబడి సాధన చేసేది దాన్నే.

నేను చేయించే అభ్యాసం ఒకటి చెప్తాను. మీరు పది ప్రశ్నలు అడగండి. మధ్యలో రెండు, ఎవరికీ జవాబు తెలియనివి కావాలని పెట్టండి. ఆమె చెయ్యాల్సింది మూడు ముక్కలు: "అది నాకు తెలియదండి. తెలుసుకుంటాను. దానికి దగ్గరగా నాకు తెలిసింది ఇది." అని తెలిసిన ఒక్క విషయం చెప్పి, ఊపిరి పూర్తిగా వదలాలి. పీల్చడం కాదు, వదలడం. వదిలాకే మీరు తర్వాతి ప్రశ్న అడగాలి. మొదటి వారం కృతకంగా ఉంటుంది. మూడో వారానికి భుజాలు దిగడం మీకే కనిపిస్తుంది.


పశువుల_డాక్టర్ రాశారు:

మాస్టారూ, మీకు గుర్రాల గురించి తెలియదన్నారు గానీ, పైన ఊపిరి వదిలితే కింద గుర్రం కూడా వదులుతుంది. ముక్కు బుర్రుమనిపించి తల దించుతుంది. స్వారీ నేర్పేవాళ్లు చెప్పేదీ ఇదే మాట.


కాల్గరీ_చలి (కెనడా) రాశారు:

ఇక్కడ మా ఊరి రోడియో పండగ స్టాంపీడ్ గురించి ఒక మాట. 1912లో గై వీడిక్ అనే ఆయన మొదలుపెట్టాడు, ఇప్పుడు ప్రతి జూలైలో పది రోజులు జరుగుతుంది. దీనికీ క్వీన్, ప్రిన్సెస్‌లు ఉంటారు. 1946 నుంచి ఉన్న సంప్రదాయం. ఆ పది రోజులూ ఊళ్లో ఏ వీధిలో చూసినా పొద్దున్నే ఉచితంగా పాన్‌కేకులు పెడతారు. నేను ఒక కమ్యూనిటీ బ్రేక్‌ఫాస్ట్‌లో వడ్డనకు వాలంటీర్‌గా వెళ్లాను.

ఆ రోజు ప్రిన్సెస్ ఒకామె వచ్చింది. అప్పటికి పండగ ఏడో రోజో ఎనిమిదో రోజో. సన్నగా వాన. పిల్లలంతా వరసలో నిలబడి అడిగేది ఒకటే ప్రశ్న: "నీ గుర్రం పేరేంటి?" నా పక్కనే నిలబడింది కాబట్టి విన్నాను. కనీసం నలభైమంది అడిగి ఉంటారు. ప్రతిసారీ పేరు చెప్పి, "మరి మీ ఇంట్లో ఎవరున్నారు, కుక్క ఉందా, పిల్లి ఉందా?" అని తిరిగి అడిగింది. కుక్క లేదన్న పిల్లాడిని, "ఉంటే ఏం పేరు పెడతావు?" అంది. వాడు పాన్‌కేకు ప్లేటు పట్టుకుని అక్కడే నిలబడి ఆలోచనలో పడ్డాడు. వెనక వరస ఆగిపోయింది. ఆమె తొందరపెట్టలేదు.

అయ్యాక టెంటు వెనక్కి వెళ్లి బూటు విప్పింది. మడమ దగ్గర తోలు ఊడి రక్తం. నా దగ్గర బ్యాండ్ ఎయిడ్ ఉంటే ఇచ్చాను. థ్యాంక్స్ చెప్పి, బూటు వేసుకుని మళ్లీ వచ్చేసింది.

పోటీలో చూసేది ఇదే అనుకుంటాను. గెలిచాక ఏడాదంతా చెయ్యాల్సిన పని ఇది. నలభయ్యో పిల్లాడికి మొదటి పిల్లాడికి చెప్పినట్టే చెప్పగలవా లేదా అన్నది జడ్జీలు ముందే కనిపెట్టాలి కదా.


డాలస్_అత్తయ్య రాశారు:

అవునండీ. అందుకే స్టేజీ మీదే కాదు, భోజనాల దగ్గర, లిఫ్టులో, గుర్రాలకు నీళ్లు పెట్టేచోట కూడా గమనిస్తుంటారు. చాలా పోటీల్లో కంజీనియాలిటీ అవార్డు అని, కలుపుగోలుతనానికి ఇచ్చేది ఒకటి ఉంటుంది, దానికి ఓట్లు వేసేది తోటి పోటీదారులే. పక్క అమ్మాయి జీను పట్టీ తెగితే నీ సంచిలోది తీసి ఇచ్చావా లేదా అన్నది వాళ్లకు తెలిసినట్టు జడ్జీలకు తెలియదు.


గుర్రపుడెక్క రాశారు:

ఇవన్నీ చదివాక నా మొదటి పోస్టులో ఒక మాట సరిచేసుకుంటాను. నాకు నచ్చనిది ఆ మాట, ఆ గుణం కాదు. టోపీ పడ్డాక రెండో సర్కిల్ అంటే నాకూ తెలుసు. మొదటి పీపా పడిపోయాక అయిదు సెకన్లు పోయినట్టే, ఇక గెలవం. అయినా మిగతా రెండు పీపాల చుట్టూ మనసు పెట్టి తిప్పాలి. లేకపోతే మలుపులో వదిలేసినా ఫరవాలేదని గుర్రం నేర్చుకుంటుంది. వచ్చే వారం పందెంలో ఆ పాఠమే మనకు అప్పజెబుతుంది.

కేటీ అక్కా, మీ అమ్మాయి ఆరేళ్లుగా ఒకే ముసలి గుర్రం మీద ఎక్కుతోందన్నారు. సమస్య అక్కడుంది. ఆ గుర్రం ఆమెకు అమ్మమ్మ లాంటిది. తప్పు చేసినా సర్దుకుపోతుంది. ఈ పదకొండు వారాల్లో కనీసం అయిదారు వేరే గుర్రాల మీద ఎక్కించండి. ఒకటి బద్ధకంది, ఒకటి నోరు గట్టిది (పగ్గం గుంజినా లెక్కచెయ్యనిది), ఒకటి ప్లాస్టిక్ కవరు ఎగిరినా బెదిరేది. ఎక్కగానే ప్యాటర్న్ (పోటీలో చెయ్యాల్సిన మలుపుల వరస) మొదలుపెట్టనివ్వకండి. మొదటి అయిదు నిమిషాలు నడిపిస్తూ ఆ గుర్రంలో తనకు నచ్చింది ఒకటి పైకి చెప్పమనండి. "చెవులు నా వైపు తిప్పుతోంది", "ఎడమ వైపు బాగా తిరుగుతుంది", ఏదైనా సరే. మెప్పు కోసం కాదు. నచ్చింది వెతికేటప్పుడు కళ్లు గుర్రం మీద ఉంటాయి, భయం మీద ఉండవు.

పేరు సంగతి కూడా ప్రాక్టీస్ చేయించండి. ఎవరైనా తప్పు పలికితే నెమ్మదిగా, ఒక్కసారి, సరిగ్గా చెప్పాలి. సారీ అనకూడదు. అది కూడా పాజిటివ్ యాటిట్యూడే అని నా అభిప్రాయం.


కారంచేడు_బాబాయి రాశారు:

మా అబ్బాయి ఈ చర్చ చూపించాడు. మాది పాత ప్రకాశం జిల్లా వైపు. బండలాగుడు పోటీలకు ఎడ్లను తయారుచేసిన ఇల్లు మాది. మా నాన్న ఒక మాట అనేవాడు, బరిలోకి దిగేముందు ఎద్దు మూపురం మీద చెయ్యి వేసి నీ గుండె నెమ్మదించేదాకా తియ్యొద్దు, నీ చెయ్యి వణికితే దాని కాలు జారుతుంది అని. పోటీ ఓడిన రోజు ఎడ్లకు మేత తగ్గించిన రైతును నేను చూశాను. ఆ తర్వాత అవి అతనికి ఎన్నడూ సరిగ్గా లాగలేదు.

గుర్రమైనా అంతే అనుకుంటాను. అమ్మాయికి నా ఆశీస్సులు.


పశువుల_డాక్టర్ రాశారు:

బాబాయిగారూ, మీరు ఒంగోలు వైపువారు కాబట్టి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ఇక్కడ రోడియోలో రౌతులను ఎగరేసి పారేసే ఎద్దులను దగ్గర నుంచి చూశారా? చాలావాటికి మూపురం ఉంటుంది, మెడ కింద గంగడోలు వేలాడుతుంది. అమెరికన్ బ్రాహ్మన్ జాతి రక్తం అది. ఆ జాతిని ఇక్కడ మన దేశపు పశువుల నుంచి తయారుచేశారు: గిర్, గుజరాత్ వైపు కాంక్రేజ్, కృష్ణా వ్యాలీ, ఇంకా నెల్లూరు. ఇక్కడివాళ్లు "నెలోర్" అంటారు, మన ఒంగోలు జాతికి ఆ పేరుంది. బ్రాహ్మన్ పెంపకందారుల సంఘం 1924లో పుట్టింది, అదీ టెక్సస్ సంగతే.

కేటీ అమ్మగారూ, మీ అమ్మాయిని "రోడియోతో మీ కుటుంబానికి ఏం సంబంధం?" అని అడిగితే తల దించుకోనక్కర్లేదని చెప్పండి.


కేటీ_అమ్మ రాశారు:

డాక్టర్‌గారూ, ఇది విని అది సోఫాలోంచి లేచి నిలబడింది. వాళ్ల తాతయ్యది అద్దంకి దగ్గర పల్లెటూరు. వెంటనే ఫోన్ చేసి, "తాతయ్యా, మన ఇంట్లో ఎడ్లుండేవా?" అని అడిగింది. గంట సేపు మాట్లాడుకున్నారు. ఆయన ఎడ్ల పేర్లు కూడా చెప్పారట.

మళ్లీ రాస్తాను. రోజూ సాయంత్రం మాస్టారి అభ్యాసం చేయిస్తున్నాం. వాళ్ల నాన్న అప్రస్తుత ప్రసంగి.


కేటీ_అమ్మ రాశారు:

పోటీ నిన్న అయింది. అందరూ ఇంత సాయం చేశారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

అయిదుగురు అమ్మాయిలు. ఇక్కడ చిన్న పోటీ కాబట్టి సొంత గుర్రాలు తెచ్చుకోవచ్చు, కానీ రెండో రౌండ్‌లో ఒకరి గుర్రం ఒకరు మార్చుకోవాలి. మా దానికి గోధుమ రంగు ఆడ గుర్రం వచ్చింది. గేటు దగ్గర స్పాన్సర్ బ్యానర్ గాలికి టపటపా కొట్టుకుంటోంది. ఆ గుర్రం దాన్ని చూసి పక్కకు దూకింది. నా ప్రాణం పోయినంత పనైంది. ఇది పడలేదు గానీ జీనుకు వేలాడే అంకెవన్నెలోంచి (రికాబు) ఒక కాలు జారింది. కాలు మళ్లీ పెట్టుకుంది. భుజాలు దిగడం నాకు గ్యాలరీ నుంచి కనిపించింది, మాస్టారూ. ఏదో గొణిగింది. తర్వాత అడిగితే, "దీని కళ్లు చాలా బాగున్నాయి అన్నాను" అంది. గుర్రాన్ని ఆ బ్యానర్ దగ్గరికే నడిపించి, వాసన చూడనిచ్చి, అప్పుడు ప్యాటర్న్ మొదలుపెట్టింది. టైము పోయింది, ఒక మలుపులో గుర్రాన్ని తప్పు కాలు ముందు పడేలా పరుగెత్తించింది. సరిచేసుకుంది.

ఇంటర్వ్యూలో పేరు తప్పు పలికారు. నెమ్మదిగా సరిచేసింది. జడ్జి రెండుసార్లు పలికి నేర్చుకుని థ్యాంక్స్ చెప్పారు. నాలుగో ప్రశ్న డెక్క లోపలి వాపు గురించి. తెలియదంది. తెలుసుకుంటానంది. కడుపునొప్పి లక్షణాలు తెలుసు, అవి చెప్పనా అని అడిగి చెప్పింది. అయిదో ప్రశ్నకు వచ్చేసరికి గొంతు మామూలుగా ఉంది.

చివరి ప్రశ్న డాక్టర్‌గారు ఊహించిందే, కొంచెం వేరే మాటల్లో. వాళ్ల తాతయ్య ఎడ్ల పేర్లతో మొదలుపెట్టి, ఒంగోలు నుంచి బ్రాహ్మన్ దాకా చెప్పింది. "మా తాతయ్య ఊరి పశువుల చుట్టాలు నాకన్నా ముందే టెక్సస్ వచ్చాయి" అని ముగించింది. ఒక జడ్జి పెన్ను కింద పెట్టి వినడం నేను చూశాను.

క్వీన్ కాలేదు. రెండో స్థానం. గెలిచిన అమ్మాయిదే ఆ గోధుమ రంగు గుర్రం. చాలా బాగా స్వారీ చేస్తుంది, న్యాయంగా గెలిచింది. కిరీటం పెట్టేటప్పుడు ఆమె టోపీకి పిన్నులు బిగించింది మా అమ్మాయే.

కారెక్కాక నేను అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాను, ఏడుస్తుందేమోనని. సీటు బెల్టు పెట్టుకుని, "అమ్మా, ఆకలేస్తోంది" అంది. తర్వాత ఫోన్ తీసి డెక్క వాపు గురించి చదవడం మొదలుపెట్టి, ఇంటికి వచ్చేదాకా నాకు వినిపించింది.


కారంచేడు_బాబాయి రాశారు:

ఆ ఎడ్ల పేర్లు ఏమిటో అడిగి చెప్పమ్మా. అద్దంకి వైపు జోడులంటే నాకు తెలిసినవే అయి ఉండొచ్చు.


గుర్రపుడెక్క రాశారు:

బెదిరిన గుర్రాన్ని బ్యానర్ దగ్గరికే తీసుకెళ్లిందా! పోటీ టైములో! అది నేను ఇరవై రెండేళ్లు వచ్చేదాకా చెయ్యలేకపోయాను.

అక్కా, వేసవి సెలవుల్లో రెండు వారాలు మా దగ్గరికి పంపండి. నా దగ్గర ఒక ఆడ గుర్రం ఉంది, నోరు చాలా గట్టిది, ఎవరి మాటా వినదు. ఖర్చేమీ లేదు, పొద్దున అయిదింటికి లేచి పేడ తియ్యాలి, అంతే. మా అమ్మ కూడా ఇక్కడే ఉంటుంది, భోజనానికి ఇబ్బంది ఉండదు.


కేటీ_అమ్మ రాశారు:

చదివి వినిపించాను. బూట్లు సర్దుకోవడానికి లేచి వెళ్లింది, ఇంకా ఏప్రిలే అని చెప్పినా వినలేదు. జూన్ మొదటి వారం మీకు వీలవుతుందా?

బాబాయిగారూ, ఎడ్ల పేర్లు రాముడు, భీముడు.